చోడవరం రాతి కింద

ఖంబాత్ క్యాంపు,
1973 ఆగస్టు 19

అక్కా,

నీ కార్డు నాకు పదకొండు రోజులకి అందింది. పాత క్యాంపుకి వెళ్లి, అక్కణ్ణించి ఎవరో పుణ్యాత్ముడు తిప్పి పంపించేడు. చిన్నతల్లి పోయి అప్పటికే రెండు వారాలు దాటింది. ఆ రెండు వారాలూ నేనిక్కడ మామూలుగా అన్నం తిన్నాను, పేకాట కూడా ఆడేను. తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నా మేనకోడలు, ఆరేళ్ల పిల్ల, అయిదు రోజుల జ్వరం. ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేను. బావ మంచం దిగడం లేదని, పొలం వైపు మొహం తిప్పడం లేదని రాసేవు. చెరుకుకి నీళ్లు కావాలని రెండేళ్ల కిందట బావ తవ్వించి, ముప్ఫై అడుగుల్లో రాయి తగిలితే వదిలేసిన నుయ్యి ఉందే, దోమలన్నీ అందులోంచే వస్తున్నాయని ఊళ్లో అంటున్నారని కూడా రాసేవు. వాన నీళ్లు నిలిచి ఉంటాయి. ఒక గ్లాసు కిరసనాయిలు ఆ నీళ్ల మీద పొయ్యి. మా క్యాంపు గుంటల్లో మేం అలాగే పోస్తాం. పల్చగా పరుచుకుంటుంది, దోమ పురుగులకి ఊపిరాడదు. ఊళ్లో మిగతా పిల్లలైనా బాగుంటారు.

సెలవడిగేను, ఇవ్వలేదు. నూనె కోసం మేం దింపుతున్న బోరు సగంలో ఉంది. ఆ చోటు చూపించింది నేనే కాబట్టి కదలడానికి లేదు. బావని ఒంటరిగా వదలకు.

నీ తమ్ముడు
సత్యారావు

చోడవరం,
1973 అక్టోబరు 28

ఒరే సత్యం, అక్క దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేసేను. ఈ నెల రేషను కార్డు మీద ఇచ్చిన కిరసనాయిల్లోంచి ఒక గ్లాసు పట్టుకెళ్లి నూతిలో పోసేను. దోమలు తగ్గేయి. ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికేముందిలే అనుకున్నాను. ఆ చెప్పకపోవడమే ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది.

మొన్న సోమవారం మీ బావ మంచం దిగేడు. రెండున్నర నెలల తర్వాత దిగి, తిన్నగా నూతి దగ్గరకి నడిచేడు. వెనకాలే పరిగెత్తేను. ఆయన గట్టు మీద వంగి లోపలికి చూస్తూ, "ఇలా రాయే. నీళ్ల మీద రంగులు సూడు" అన్నాడు. నాకు వెంటనే తెలిసిపోయింది, అవి నేను పోసిన కిరసనాయిలు రంగులే. తర్వాత దిగి ఒక రాతి ముక్క తెచ్చేడు. నల్లగా మెరుస్తోంది, ముట్టుకుంటే జిడ్డుగా వేళ్లకి అంటుతోంది. "మన కింద నూనుందే" అన్నాడు. ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు, గెడ్డం గీయించుకున్నాడు.

బస్సుల దగ్గర కిళ్లీకొట్టు బంగార్రాజు పేపరు చదివి చెప్తాడు కదా, పది పదిహేను రోజులుగా అరబ్బుల నూనె తప్ప ఇంకో మాట లేదు. అది కూడా ఈయన బుర్రలో పడింది.

నిజం చెప్దామని రెండుసార్లు నోరు తెరిచేను. కిరసనాయిలు ఎందుకు పోసేవంటాడు. దోమలకి అనాలి. దోమలంటే చిన్నతల్లి. పోయిన గుంట పేరు ఈ ఇంట్లో ఎవరం ఎత్తడం లేదు. అంచేత నువ్వు కూడా కిరసనాయిలు మాట ఎత్తకు. నూనె ఉండదని మాత్రం నీ చదువు ప్రకారం నెమ్మదిగా రాయి. మీ బావకి అక్షరం రాదు, నేనే చదివి వినిపిస్తాను. "సత్యం అబద్ధం రాయడు. ఆడేటి సెప్తే అదే" అన్నాడు.

నాకూ ఒకటి చెప్పు. ఆ ఎడార్లో అంతంత పోసి, ఇక్కడ దీపానికి కూడా లైన్లో నిలబెట్టిన దేవుడిది ఏం లెక్కరా?

మీ అక్క
కనకమహాలక్ష్మి

ఖంబాత్ క్యాంపు,
1973 నవంబరు 11

అక్కకీ బావకీ నమస్కారాలు.

ఇది బావకి చదివి వినిపించు. దేవుడి లెక్క నాకు తెలియదు గాని మట్టి లెక్క కొంచెం తెలుసు.

నూనె రాతిలో పుట్టదు బావా. సముద్రంలో కంటికి కనపడనంత చిన్న ప్రాణులు చచ్చి అడుగున పడుతుంటాయి. మామూలుగా కుళ్లిపోతాయి. కదలని, గాలాడని నీళ్లయితే కుళ్లకుండా బురదలో కలుస్తాయి. ఆ బురద మీద మట్టి పడి పడి, అది లోతుకి దిగి, భూమి వేడికి ఉడకాలి. మన బెల్లం పాకం లాంటిదే అనుకో. తక్కువ కాగితే రసం రసంగానే ఉంటుంది, ఎక్కువ కాగితే మాడి నల్లబడుతుంది. మధ్యలో ఉన్న ఆ పదునులోనే నూనె.

అలాంటి సముద్రాలు అన్ని కాలాల్లోనూ లేవు. పది, పదిహేను కోట్ల ఏళ్ల కిందట, రాక్షసి బల్లులు తిరిగిన రోజుల్లో, భూమి వెచ్చగా ఉండి సముద్రాలు నేల మీదకి వచ్చి నిలబడ్డాయి. లోకంలో నూనె బురదలో పెద్ద వాటా అప్పుడే పడింది. కొన్ని కాలాలు కోట్ల ఏళ్ల పొడుగునా దాదాపు ఖాళీగా గడిచిపోయాయి. అరబ్బుల దేశం ఆ రోజుల్లో లోతులేని వెచ్చటి సముద్రం. బురద పడింది, పదునుగా ఉడికింది, పీల్చుకునే రాయి పైన దొరికింది, ఆ పైన ఉప్పు పొర గట్టి మూతలా కూర్చుంది. పుట్టిన నూనె పుట్టినచోట ఉండదు. పగుళ్లలోంచి పైకి ఎగబాకుతూ పోతుంది, మూత తగిలితే దాని కింద ఆగుతుంది, మూత లేకపోతే బయటికి పోయి ఆరిపోతుంది. ఇవన్నీ ఒకే చోట, సరైన వరసలో జరగాలి. ఒక్కటి తప్పినా ఏమీ ఉండదు. అందుకే ఒకడికి చెరువంత దొరికితే పదిమందికి చుక్క లేదు.

మన చోడవరం రాయి వంద కోట్ల ఏళ్ల పైమాట. భూమి లోపల అది ఎంత కాగిందో చెప్పలేను. నువ్వు చూసిన నల్లటి జిడ్డు గ్రాఫైటు, పెన్సిల్లో ఉండేది అదే. ఎప్పుడో ఆ మట్టిలో ఉన్న కాస్తా మాడిపోయి అలా మిగిలింది.

మా బోరు రెండు వేల మీటర్లు దాటింది. ఇంకా ఏమీ కనపడలేదు, చూడాలి. చెరుకు కటింగ్ ఆర్డరు వచ్చిందా?

సత్యారావు

చోడవరం,
1973 డిసెంబరు 30

సత్యం,

నీ ఉత్తరం చదివేను. "గట్టి మూత" అన్న దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించి తొడ మీద చరుచుకున్నాడు. "అరబ్బులకి ఉప్పు మూత, మనకి రాతి మూత. మన రాయి కన్నా గట్టి మూత ఇంకేటుంటాది? సత్యం గవర్నమెంటు ఉద్యోగస్తుడు, సూటిగా సెప్పకూడదు. అందుకని మూత సంగతి అలాగ ఇరికించి రాసేడు" అన్నాడు. బెల్లం పాకం, రాక్షసి బల్లులు, వంద కోట్లు అన్నీ గాలికి పోయేయి. మూత ఒక్కటి మిగిలింది.

ఇప్పుడు మూత బద్దలు కొడుతున్నాడు. మాడుగుల వైపు నించి దాసు అనేవాణ్ణి, వాడి మనుషుల్ని తెచ్చేడు. రాతికి కన్నాలు పెట్టి మందు కూరి పేలుస్తున్నారు. పేలినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కదులుతున్నాయి. ముప్ఫై అడుగులది ముప్ఫై ఆరు అయింది. గోవాడ పంచదార ఫేక్టరీ నించి కటింగ్ ఆర్డరు వచ్చి వారమైంది. చూరులో గుచ్చి ఉంది. చెరుకు ఎవరు కొడతారంటే, "నూనె పడితే చెరుకెవడిక్కావాలి" అంటాడు.

ఇంత చదువుకున్నావు, లేదు అనే ఒక్క ముక్క లేదు అన్నట్టు రాయడం నీకు రాదా? అటూ ఇటూ తిప్పకుండా కొట్టినట్టు రాయి. ఆయన తింటున్నాడు, నవ్వుతున్నాడు, అది నేను కాదనను. కాని ఆ నూతిలోకి దిగుతున్నప్పుడల్లా నా ప్రాణం సగం దిగుతోంది.

అక్క

ఖంబాత్ క్యాంపు,
1974 జనవరి 14

అక్కా,

నీకు కోపం రావడం న్యాయమే. ఇదిగో, ఇలా చదువు.

బావా, మన పొలంలో నూనె లేదు. తవ్వకం ఆపు. మన రాయి మూత కాదు. దాని కింద కూడా అదే రాయి, ఇంకా కిందికి పోయినా అదే. మూత కింద ఉడికిన బురద ఉంటేనే మూతకి పని. మన కింద అలాంటి బురద లేదు, ఉన్న కాస్తా ఎప్పుడో మాడిపోయింది. లోకంలో ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఇలాంటి గట్టి రాతి పగుళ్లలో నూనె దొరికిన మాట నిజమే గాని, అది పక్కనున్న సముద్రపు మట్టిలోంచి ఎగబాకి వచ్చిన నూనె. మనకి ఆ పక్క మట్టి కూడా లేదు. కాబట్టి ఆపెయ్యి.

అక్కా, ఇక్కడ నా పరిస్థితీ గొప్పగా లేదు. బోరు మూసెయ్యమని పైవాళ్లంటున్నారు. ఇంకో వంద మీటర్లు చూద్దామని నేను బతిమాలేను. లెక్క ప్రకారం అక్కడ నూనె ఉండాలి. ఎందుకు లేదో తెలియడం లేదు. అందుకే సెలవు మాట ఎత్తలేకపోతున్నాను.

సత్యారావు

చోడవరం,
1974 మార్చి 10

సత్యం,

నీకు నిజం చెప్పే జబ్బు ఒకటుంది. ఆ "ఎక్కడో ఒకటి రెండు చోట్ల" ఎందుకు రాసేవురా? ఆ ముక్క కంటపడగానే నేను మింగేసి కింది వాక్యం చదివేను. ఎక్కడ తడబడ్డానో, ఆయనకి అనుమానం వచ్చింది. ఉత్తరం జేబులో పెట్టుకుని బంగార్రాజు దగ్గరకి పోయేడు. వాడు కిళ్లీలు కట్టడం ఆపి మరీ, కొట్లో ఉన్న నలుగురికీ వినపడేట్టు మొత్తం చదివేడు. "పక్కన సముద్రపు మట్టి ఉండాలంట. విశాపట్నం సముద్రం మనకి పక్క కాదా?" అని మీ బావ అడిగితే, అవునవునన్నారట.

ఇంటికొచ్చి నాతో ఒకటే అన్నాడు. "నువ్వు నాకు అబద్ధం సదివేవు." అంతే. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. అప్పట్నించి నీ ఉత్తరాలు బంగార్రాజే చదువుతాడు. పద్నాలుగేళ్ల కాపరంలో నేను చెప్పింది నమ్మకపోవడం ఇదే మొదలు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అంతవరకూ ఓ మూల నీళ్లు ఉండనిచ్చి పని చేసేవారు, ఫిబ్రవరిలో ఊట నీళ్లు అడుగంటా తోడేసేరు, రంగులు పోయేయి. రెండు రోజులు చూసేడు. మూడో రోజు మంచం ఎక్కేడు. గోడకి తిరిగి పడుకున్నాడు, పిలిస్తే పలకడు, అన్నం ముట్టడు. ఆగస్టులో ఎలా ఉన్నాడో అలాగే. నాలుగు రోజులు చూసేను. అయిదో రోజు సీసాలో ఉన్న కిరసనాయిలంతా పట్టుకెళ్లి నూతిలో ఒంపేసేను. ఈసారి దోమల కోసం కాదు. ఆ నెలంతా ఇంట్లో దీపం లేదు. మర్నాడు ఆయన లేచేడు.

ఇప్పుడు నలభై నాలుగు అడుగులు. పోయిన వారం మందు ఆలస్యంగా పేలి దాసుకి రాయి తగిలి భుజం విరిగింది. పనివాళ్లు వెళ్లిపోయేరు. మీ బావ ఒక్కడే దిగుతున్నాడు. కన్నం తనే పెడతాడు, మందు తనే కూరుతాడు, నిప్పంటించి తాడు పట్టుకుని పైకి పాకుతాడు. తాడు చివర నేనుంటాను. సమయానికి లాగలేకపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు ఇంకో వంద మీటర్లంటావు, ఆయన ఇంకో నాలుగడుగులంటాడు. మీరిద్దరూ ఒకటే. చెరుకు నిలబడే ఎండిపోయింది.

నా మాట వినడు. నువ్వేం రాస్తావో, ఎలా రాస్తావో నాకు తెలియదు. ఆయన ఆ నూతిలోకి దిగకూడదు, అంతే.

అక్క

ఖంబాత్ క్యాంపు,
1974 మార్చి 19

అక్కా,

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఇది నీకు. చదివి పొయ్యిలో పెట్టెయ్యి. రెండోది బావకి, బంగార్రాజు చేత చదివించు.

నీ ఉత్తరం చదివి నిద్ర పోలేదు. కళ్ల ముందు తాడు చివర నువ్వే ఉన్నావు. నిజం రాసిన ప్రతిసారీ ఆయన ఇంకో నాలుగడుగులు దిగుతున్నాడు. అందుకని అబద్ధం రాసేను. ఉద్యోగంలో గాని బయట గాని ఇదే నా మొదటి దొంగ రిపోర్టు. మే నెలలో బోరు ఎలా తేలినా సరే, రాజీనామా చేసైనా వస్తాను. బావ ఎదురుగా కూర్చుని నిజం నా నోటితో చెప్తాను. అప్పటిదాకా ఆయన పైన ఉంటే చాలు.

సత్యారావు

(రెండో కాగితం)

బావా, నువ్వన్నదే నిజం అయ్యేట్టుంది. నూనె జాడ ఉన్నట్టే. కాని భూమి లోపలి నూనె సర్కారుది, ఇంక ఎవరూ దిగకూడదు, పేల్చకూడదు. పేలిస్తే పగుళ్లు తెరుచుకుని ఉన్నది కాస్తా పోతుంది. ఆఫీసర్లు జీపులో వచ్చి చూస్తారు. అంతవరకూ నుయ్యి కదపకు.

నీ బావమరిది
సత్యారావు

బరోడా స్టేషను,
1974 మే 12

అక్కా,

నా బోరు ఎండుదే అని తేల్చి సిమెంటుతో మూసేసేరు. కింద బురదా ఉంది, రాయీ ఉంది, మూత కూడా ఉంది. ఆ మూత నూనె వెళ్లిపోయాక పడిందని ఇప్పుడు తెలిసింది. ఈ మాట మొదటి ఏడాదే పట్టుకోవలసింది నేను.

నీ దగ్గరకి బయల్దేరి ఇక్కడిదాకా వచ్చేను. రైళ్ల సమ్మె. మూడు రోజులుగా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. ఒక్క బండి కదలడం లేదు, టపా కూడా ఎప్పటికి చేరుతుందో. సెలవు అయిపోతోంది, నన్ను అస్సాం వేసేరు. ఇరవయ్యో తేదీ లోపల రాలేకపోతే ఇప్పట్లో రాలేను. బావకి ఇంకా ఏమీ చెప్పకు. నేను వచ్చేక నేనే చెప్తాను.

సత్యారావు

చోడవరం,
1974 జూన్ 23

సత్యం,

నీ బరోడా ఉత్తరం నిన్న అందింది. నువ్వు రావక్కర్లేదు. చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

నీ రెండో కాగితం బాగానే పని చేసింది. ఆ రోజు నించి ఆయన నూతిలో కాలు పెట్టలేదు. చుట్టూ ముళ్లకంప కట్టేడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కుని గొడుగేసుకుని గట్టు మీద కూర్చునేవాడు. అనకాపల్లి రోడ్డు మీద జీపు చప్పుడైతే లేచి నిలబడేవాడు. "సత్యం రాసేడు గదా, వస్తారు" అనేవాడు. తొలకరి పడింది, పక్కవాళ్లు దుక్కులు దున్నేసేరు. మా పొలంలో నాగలి పెట్టనివ్వలేదు. చచ్చిపోకుండా ఉన్నాడు కదా అని నేనూ ఊరుకున్నాను.

పోయిన మంగళవారం నిజంగానే జీపు వచ్చి పొలం దగ్గర ఆగింది. ఆయన చేతులు కట్టుకుని ఎదురెళ్లేడు. కంప తనే తీసి దారిచ్చేడు. నేను మజ్జిగ పట్టుకుని వెళ్లేసరికి ఒకతను వీపుకి డబ్బా తగిలించుకుని నూతిలోకి గొట్టం పెట్టి నూనె చల్లుతున్నాడు. వాళ్లు మలేరియా వాళ్లు. నిలవ నీళ్లున్న నూతులన్నిటికీ చల్లమని ఆర్డరట. మీ బావ వాళ్లని ఆపలేదు. లోపలికి చూస్తూ నిలబడ్డాడు. నీళ్ల మీద రంగులు పరుచుకున్నాయి.

జీపు వెళ్లిపోయేక అడిగేడు. "ఇయ్యే రంగులు. నువ్వు పోసేవా?"

పోసేనన్నాను.

"ఎన్నిసార్లు?"

రెండన్నాను.

"రెండోసారెందుకు?"

నువ్వు మళ్లీ మంచం ఎక్కేవని, అన్నాను. నీళ్ల మీంచి చూపు తిప్పకుండా, "సత్యానికి తెలుసా?" అన్నాడు. మొదట్నించీ తెలుసన్నాను. నీ ఆఖరి ఉత్తరం ఎందుకు అలా రాసేవో కూడా చెప్పేను. ఏదీ దాచలేదు.

గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. నువ్వు వినాలి.

"సత్యాన్ని ఒకటే అడుగుదామనుకున్నానే. ఇన్నాళ్లూ నోరు రాలేదు. నూనె పడితే అప్పుడు ధైర్యంగా అడగొచ్చనుకున్నాను. గుంట జరం నా నూతి వల్లే వచ్చిందా అని. నేను తవ్వబట్టే పోయిందా అని. కాదు బావా అని సత్యం రాస్తే నమ్మేవోణ్ణి."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. కాదు, ముమ్మాటికీ కాదు, ఆ నెల్లో జ్వరం రాని ఇల్లు ఊళ్లో ఏది, సత్యం చేత రాయిస్తాను, రేపే రాస్తాడు అన్నాను.

"రాస్తాడు" అన్నాడు. "ఇప్పుడు ఏటి రాయమన్నా రాస్తాడు."

చెయ్యి విడిపించుకుని ఇంటికి నడిచేడు. ఇవాళ్టికి అయిదు రోజులు. గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. నేను ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంటున్నాడు. బంగార్రాజు వచ్చి పిలిచినా పలకలేదు.

నీ మీద నాకు కోపం లేదు. నేనే కదా రాయమన్నాను. కాని సత్యం, ఆయన అడిగినదానికి జవాబు నాకు తెలియదు, నీకూ తెలియదు, తెలిసి రాసినా ఆయన వినడు. ఈ నెల కిరసనాయిలు ఇచ్చేరు. సీసా నిండా ఉంది. దాన్ని ఇప్పుడు ఎక్కడ పొయ్యనురా?

అక్క